ఒక పూట నాన్నదే: ఆరు నెలలు నిండాక బిడ్డకు తిండి పెట్టడం ఎలా

బిడ్డ తిండి దగ్గర చాలామంది నాన్నలు చేసేది ‘సాయం’. ఎవరో వండి, చల్లార్చి, గిన్నెలో వేసి చేతికిస్తారు. రెండు ముద్దలు పెడతారు. బిడ్డ మూతి తిప్పగానే ‘వీడు నా దగ్గర తినట్లేదు’ అని గిన్నె వెనక్కి ఇచ్చేస్తారు. దీనివల్ల తల్లికి తగ్గే పని ఏమీ లేదు. పెసరపప్పు అయిపోయిందా, గుడ్డు పెట్టి ఎన్ని రోజులైంది, నిన్నటి నుంచి విరోచనం కాలేదెందుకు అనే లెక్కంతా ఇంకా ఆమె తలలోనే ఉంటుంది.

అందుకని సాయం చేయడం మానేసి, రోజుకు ఒక పూట పూర్తిగా మీ చేతిలోకి తీసుకోండి. ఏం పెట్టాలో అనుకోవడం, సరుకు తేవడం, వండడం, తినిపించడం, మూతి తుడవడం, గిన్నెలు కడగడం, ఎంత తిన్నాడో గుర్తుంచుకోవడం, అన్నీ మీవే. ఆ పూట గురించి మీ ఆవిడను ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా గడిపితే పని మీది అయినట్టు.

ఏ పూట అన్నది మీ ఉద్యోగాన్ని బట్టి. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేవాళ్లకు సాయంత్రం పూట కుదరదు. బిడ్డను అప్పటిదాకా మేలుకోబెట్టి తినిపించడం అన్యాయం. పొద్దున ఎనిమిది గంటల పూట తీసుకోండి. షిఫ్టులు మారేవాళ్లు వారానికోసారి పూట మార్చుకోవచ్చు గానీ, ఏ పూట ఎవరిదో ముందురోజు రాత్రే తేలిపోవాలి. గల్ఫ్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చేవాళ్లు మొదటి మూడు రోజులు పక్కన కూర్చుని చూసి, నాలుగో రోజు నుంచి మొదలుపెట్టొచ్చు.

ఆరు నెలల ముందు

ఈ ఆరు నెలలు బిడ్డ ఆహారం తల్లిపాలే, నీళ్లు కూడా అక్కర్లేదు. కాబట్టి తినిపించే పని మీకు లేదు, కానీ చేతులు అలవాటు పడాల్సింది ఇప్పుడే. మన దగ్గర ఇక్కడో చిక్కుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది, తల్లీబిడ్డలు మూడో నెలలోనో ఐదో నెలలోనో తిరిగొస్తారు. అప్పటిదాకా నాన్న శని, ఆదివారాల చుట్టం. అత్తగారింట్లో అల్లుడికి కుర్చీ వేసి కాఫీ ఇస్తారు. ఆ కుర్చీలోంచి లేవండి. వెళ్లిన ప్రతిసారీ రెండు పనులు మీవని ముందే చెప్పండి. ఒకటి, లంగోటీయో డైపరో మార్చడం. రెండు, పాలు తాగాక బిడ్డను నిటారుగా భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరడం. పది నిమిషాలైనా త్రేన్పు రాకపోతే వదిలేయొచ్చు, ప్రతిసారీ రావాలని లేదు. రాత్రి అక్కడే ఉంటే, పాలకు లేచినప్పుడు బిడ్డను తల్లికి అందించడం, ఆమెకు గ్లాసుడు మంచినీళ్లివ్వడం, పాలయ్యాక మళ్లీ పడుకోబెట్టడం మీ వంతు. నెలలు తక్కువై, బరువు తక్కువై పుట్టిన బిడ్డను చొక్కా తీసేసి గుండెకు ఆనించుకుని గంటల తరబడి వెచ్చగా ఉంచే కంగారూ సంరక్షణ తండ్రి కూడా చేయొచ్చు. తల్లికి విశ్రాంతి కావాల్సిన వేళల్లో చేయాలి కూడా.

ఇంకో పని మీరు చేస్తేనే బాగుంటుంది: పెద్దవాళ్లకు సర్దిచెప్పడం. పుట్టగానే తేనె నాకించడం, పంచదార నీళ్లు పట్టడం, ముర్రుపాలు పిండి పారబోయడం, మూడో నెలలోనే ‘కాస్త ఉగ్గు నాకించు’ అనడం, ఇవన్నీ బాలింత ఒక్కతీ ఆపలేదు. అమ్మకు, అమ్మమ్మకు మీ నోటితో చెప్పండి. తేనె ఏడాది నిండేదాకా వద్దు. అందులో ఉండే బొట్యులిజం బాక్టీరియా బీజాలు పసిబిడ్డ పేగులో మొలకెత్తి నరాలను చచ్చుబరిచే విషం తయారుచేయగలవు. కాచినా ఆ బీజాలు చావవు.

సెలవు గురించి ఒక్క మాట. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇద్దరు పిల్లల వరకు 15 రోజుల పితృత్వ సెలవుంది. కాన్పుకు 15 రోజుల ముందు నుంచి ఆరు నెలల లోపు వాడుకోవాలి, లేకపోతే పోతుంది. కాన్పు సమయంలో పుట్టింట్లో సాయానికి చాలామందే ఉంటారు. తల్లీబిడ్డలు మీ ఇంటికొచ్చాక మీరిద్దరే మిగిలితే, ఆ పదిహేను రోజులు అప్పుడే ఎక్కువ పనికొస్తాయి. ప్రైవేటు ఉద్యోగాల్లో ఈ సెలవు చట్టం ఇచ్చిన హక్కు కాదు, కంపెనీని బట్టి ఉంటుంది. ముందే అడిగి పెట్టుకోండి.

కావాల్సినవి

ఒక స్టీలు గిన్నె, బిడ్డ నోటికి సరిపోయే చిన్న చెంచా, మూతగిన్నె, సన్న జల్లెడ, రెండు గుడ్డలు. గిన్నెలో నీళ్లు పోసి కొలిచి, 125 మి.లీ. ఎక్కడికి వస్తుందో, 250 మి.లీ. ఎక్కడికి వస్తుందో మేకుతో గీత పెట్టుకోండి. ‘బాగానే తిన్నాడు’ అన్న మాటకు కొలత దొరుకుతుంది. పాలసీసా కొనకండి. పీక, మూత మరలు సరిగ్గా కడగడం అయ్యే పని కాదు, విరోచనాలకు అదే మొదటి దారి. తల్లి ఆఫీసుకు వెళ్తూ పిండి ఉంచిన పాలైనా ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పట్టండి. ఆ పాలను గిన్నెతో సహా వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చన చేయాలి. పొయ్యి మీద కాచొద్దు, మైక్రోవేవ్‌లో పెట్టొద్దు.

చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కోవాలి: వంట మొదలుపెట్టేముందు, తినిపించేముందు, బిడ్డకు కడిగాక. బిడ్డ చేతులు కూడా కడగాలి, వాడు గిన్నెలో చెయ్యి పెడతాడు, పెట్టనివ్వాలి కూడా.

ఉగ్గుపిండి

బజారు డబ్బాల కంటే ఇదే చవక, ఇదే నయం.

1. బియ్యం 300 గ్రాములు, పొట్టు తీసిన పెసరపప్పు 100 గ్రాములు తీసుకోండి. మూడుకు ఒకటి అన్న నిష్పత్తి ముఖ్యం. బియ్యంలో తక్కువైన లైసిన్ (మాంసకృత్తుల్లో ఒక భాగం) పప్పులో ఉంటుంది, రెండూ కలిస్తేనే మాంసకృత్తులు ఒంటికి బాగా పడతాయి.
2. విడివిడిగా మూడు నీళ్లు కడిగి, గుడ్డ మీద పరచి పూర్తిగా ఆరబెట్టండి. తడి ఉంటే పిండి పురుగు పడుతుంది.
3. బాణలిలో సన్నని సెగ మీద విడివిడిగా దోరగా వేయించండి. పప్పు కమ్మని వాసన వచ్చి రంగు మారబోతుండగా దించాలి. బియ్యం తెల్లగా ఉబ్బుతాయి. రెండూ కలిపి వేయిస్తే పప్పు మాడి బియ్యం పచ్చిగా ఉంటాయి.
4. చల్లారాక మిక్సీ పట్టి జల్లించండి. మొదటి నెల మెత్తగా, ఏడో నెల దాటాక సన్న రవ్వలా.
5. తడి లేని డబ్బాలో పోసి తేదీ రాయండి. పూటకు 25 గ్రాముల చొప్పున పదహారు పూటలొస్తుంది. నెలకు సరిపడా ఒకేసారి చేయకండి.

వండేటప్పుడు రెండు పెద్ద చెంచాల పిండిని (సుమారు 25 గ్రాములు) ముందుగా కాసిని చల్లని నీళ్లలో కలపాలి. మరిగే నీళ్లలో పొడిపిండి పోస్తే ఉండలు కడుతుంది. ఆ తర్వాత మొత్తం 200 మి.లీ. అయ్యేలా నీళ్లు చేర్చి, సన్నసెగ మీద కలుపుతూ ఏడెనిమిది నిమిషాలు ఉడికించండి. దించాక ఒక చిన్న చెంచా నెయ్యి. చల్లారే కొద్దీ గట్టిపడుతుంది, కాబట్టి కాస్త పలచగా ఉన్నప్పుడే దించాలి.

చిక్కదనమే ఇక్కడ అసలు పరీక్ష. చెంచా వంచితే ఉగ్గు మెల్లగా జారాలి, నీళ్లలా కారకూడదు. మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు పలచన చేయడం. పప్పు మీద తేరిన కట్టు, చారు కలిపిన అన్నం, బియ్యం కడుగులా ఉండే జావ పట్టి ‘తిండి మొదలైంది’ అంటారు. ఆ వయసులో బిడ్డ పొట్ట చిన్నది. అది నీళ్లతోనే నిండితే శక్తి ఎక్కడినుంచి వస్తుంది? ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు తల్లిపాలు కాక రోజుకు సుమారు 200 కేలరీలు, తొమ్మిది నుంచి పదకొండు నెలలకు 300, ఏడాది దాటాక 550 తిండి నుంచి రావాలి. పైన చెప్పిన ఉగ్గు నెయ్యితో కలిపి ఇంచుమించు 130 కేలరీలు. అదే గిన్నెడు పప్పుకట్టులో అంతకంటే చాలా తక్కువ ఉంటుంది.

చిక్కగా చేస్తే బిడ్డ మింగలేకపోతున్నాడా? మొలకల రాగిపిండి మంచి ఉపాయం. రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకలొచ్చేదాకా ఉంచి, ఎండబెట్టి, మొలకలు నలిపి చెరిగి, కాస్త వెచ్చచేసి (ఎక్కువ వేయిస్తే పనిచేయదు) పిండి పట్టి జల్లించండి. చిక్కటి ఉగ్గు వేలు పెట్టగలిగేంత వేడిలో ఉన్నప్పుడు ఈ పిండి ఒక చిన్న చెంచా వేసి కలిపితే కొద్ది నిమిషాల్లో పలచబడుతుంది. మొలకల్లో ఉండే అమైలేజ్ అనే ఎంజైము గంజిని కరిగిస్తుంది. నీళ్లు పోయలేదు గనక శక్తి తగ్గదు. తర్వాత ఇంకోసారి ఒక పొంగు రానివ్వండి. మొలకెత్తేటప్పుడు చేరే సూక్ష్మక్రిములు చావాలంటే అది తప్పదు.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం కూడా ఇలాంటిదే: గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి, నెలకు రెండున్నర కిలోలు. ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా ఇస్తారు. అది తెచ్చుకోవడం కూడా మీ పనిలోనే వేసుకోండి. అందులో చక్కెర ఉంది కాబట్టి మళ్లీ కలపొద్దు. రోజుకొక పూటకు మించి అదే పెట్టకండి, తీపికి అలవాటు పడిన నాలుక పప్పన్నాన్ని ఉమ్మేస్తుంది. ఆ డబ్బా పెద్దవాళ్ల లడ్డూలకు పోకుండా చూసుకోవడం వేరే సంగతి.

మొదటి రెండు వారాలు

ఆరు నెలలు నిండి, మెడ నిలిచి, ఆసరాతో కూర్చోగలిగి, నోట్లో పెట్టింది నాలుకతో బయటికి తోసేయడం తగ్గితే మొదలుపెట్టొచ్చు. అన్నప్రాశన ముహూర్తం ముందో వెనకో పడితే పరవాలేదు. కానీ ముహూర్తం ఎనిమిదో నెలలో ఉందని అప్పటిదాకా ఆగకూడదు. వేడుక వేరు, తిండి వేరు.

పాలు తాగి గంటన్నర అయిన వేళ చూసుకోండి. ఆకలితో గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డకు కొత్త రుచి నచ్చదు, కడుపునిండా పాలు తాగిన బిడ్డకు అక్కర్లేదు. ఒళ్లో పూర్తిగా నిటారుగా కూర్చోబెట్టుకోండి, పడుకోబెట్టి పోయడం వద్దు. మొదటి రెండు మూడు రోజులు రెండు మూడు చిన్న చెంచాలే. వారం చివరికి రెండు మూడు పెద్ద చెంచాలు. కింది పెదవికి చెంచా ఆనించి ఆగండి. నోరు తెరిస్తే లోపలికి, తెరవకపోతే లేదు. మొహం చిట్లించడం ‘వద్దు’ అనడం కాదు, ‘ఇదేమిటి’ అని. ఉమ్మేసింది మళ్లీ చెంచాతో అందుకుని పెట్టండి. ఒక కొత్త పదార్థం ఎనిమిది, పదిసార్లు కనబడితే గానీ కొందరు పిల్లలు ఒప్పుకోరు. రెండోసారికే ‘వీడికి గుమ్మడికాయ పడదు’ అని తీర్పు చెప్పకండి.

కొత్తది ఏది పెట్టినా రెండు మూడు రోజులు అదే ఉంచి, దద్దుర్లు, వాంతులు, మూతి వాపు వస్తాయేమో చూడండి. పగటి పూటే మొదలుపెట్టండి.

‘నా దగ్గర తినడు’ అనే సమస్య మొదటి వారంలోనే వస్తుంది. కారణం తేలిక. అమ్మ పక్కనే ఉంటే ఆ పాల వాసనకు బిడ్డ ఇంకేదీ తినడు. మొదటి నాలుగైదు పూటలు తల్లి వేరే గదిలోనో, గుడికో, నడకకో వెళ్లాలి. ఆమెకూ ఆ అరగంట కావాలి. తలుపు చాటునుంచి ‘అలా కాదు, ఇలా’ అనకూడదు. మీ పద్ధతి వేరుగా ఉన్నా బిడ్డ సర్దుకుంటాడు.

ఏ నెలకు ఎంత

ఆరు నుంచి ఎనిమిది నెలలు: రోజుకు రెండు మూడు పూటలు. రెండు మూడు పెద్ద చెంచాలతో మొదలై పూటకు సగం గిన్నె (125 మి.లీ.) దాకా. మెత్తటి గుజ్జుతో మొదలుపెట్టి, మెదిపిన పలుకుల దాకా.

తొమ్మిది నుంచి పదకొండు నెలలు: మూడు నాలుగు పూటలు, సగం గిన్నె చొప్పున, మధ్యలో ఒకటో రెండో చిరుతిండి. ఇక్కడ జాగ్రత్త. ఇంకా మిక్సీలో తిప్పిన గుజ్జే పెడుతుంటే నమలడం నేర్చుకునే వయసు దాటిపోతుంది. పదో నెల దాకా పలుకు తెలియని పిల్లలు తర్వాత గట్టి పదార్థం నోట పెట్టగానే ఓకరించడం మామూలే. ఎనిమిదో నెల నుంచే ఇడ్లీ ముక్క, ఉడికించిన క్యారెట్ వేలు, చక్కెరకేళి అరటిపండు ముక్క చేతికివ్వండి.

ఏడాది నుంచి రెండేళ్లు: మీరు తినేదే, కారం తక్కువగా. మూడు నాలుగు పూటలు, ముప్పావు గిన్నె నుంచి నిండు గిన్నె, పైన ఒకటి రెండు చిరుతిళ్లు. తల్లిపాలు రెండేళ్లూ, ఆ పైనా కొనసాగొచ్చు. ఆవు పాలు తాగడానికిస్తే ఏడాది నిండాకే, రోజుకు అర లీటరు దాటొద్దు. పాలతోనే పొట్ట నింపుకున్న పిల్లల్లో రక్తహీనత ఎక్కువ చూస్తాం. పాలలో ఇనుము చాలా తక్కువ, పైగా అన్నం తినే ఆకలినీ పోగొడతాయి.

ఏడాది లోపు ఉప్పు, చక్కెర వేయకండి. మీ నాలుకకు చప్పగా ఉండటం బిడ్డకు సంబంధం లేని విషయం.

గిన్నెలో ఏం ఉండాలి

రోజు మొత్తంలో ఎనిమిది రకాల నుంచి కనీసం ఐదు పడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క: తల్లిపాలు; ధాన్యాలు, దుంపలు; పప్పులు, గింజలు; పాలు, పెరుగు; మాంసం, చేప; గుడ్డు; పసుపు, నారింజ రంగు పండ్లు, కూరలు, ఆకుకూరలు; మిగతా పండ్లు, కూరలు. పప్పన్నం, పెరుగన్నం మాత్రమే పెడితే తల్లిపాలతో కలిపి నాలుగే. అందులోకి ఉడికిన తోటకూరో మునగాకో మెదిపి కలిపితే ఐదు, గుడ్డు చేరితే ఆరు.

గుడ్డు ఆరో నెల దాటాక పెట్టొచ్చు, పచ్చసొన, తెల్లసొన రెండూ. పది పన్నెండు నిమిషాలు ఉడకాలి. మొదట పావు గుడ్డు, రెండు మూడు రోజులకు సగం. సగం ఉడికిన గుడ్డు వద్దు. మాంసం తినే ఇళ్లలో కోడి, మేక కార్జం బాగా ఉడికించి మెదిపి వారానికోసారి చిన్న చెంచాడు పెట్టండి, ఇనుము విషయంలో దానికి సాటి లేదు. చేప అయితే ముళ్లు తక్కువున్న కొర్రమీను. అయినా వేళ్లతో నలిపి రెండుసార్లు వెతకాలి. శాకాహారులు పప్పు, ఆకుకూర కలిపిన ముద్దలో చివర రెండు చుక్కల నిమ్మరసం పిండితే ఇనుము ఒంటికి ఎక్కువ పడుతుంది. టీ మాత్రం చెంచాడు కూడా వద్దు, టీలో ముంచిన బిస్కెట్టు అసలే వద్దు.

ఇక నాన్నల ప్రత్యేక పాపం: సాయంత్రం ఇంటికొస్తూ చేతిలో చిప్స్ పొట్లం, క్రీమ్ బిస్కెట్లు. ‘నాన్న వచ్చాడు’ అంటే ఏదో తెచ్చాడని బిడ్డకు అర్థమైపోతుంది, రాత్రి అన్నం మీది ఆకలి గంట ముందే చచ్చిపోతుంది. తేవాలనిపిస్తే జామపండు తెండి, చిన్నపిల్లలకు గింజలు తీసి మెదిపి పెట్టొచ్చు.

ఎలా తినిపించాలి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్గొండ జిల్లా 60 గ్రామాల్లో చేసి, 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఏం పెట్టాలో చెప్పడంతో ఆగకుండా బిడ్డ సైగలు గమనిస్తూ ఎలా తినిపించాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పిన కుటుంబాల్లో పిల్లల మానసిక వికాసం మెరుగ్గా కనిపించింది. సైగలు చూడడం అంటే ఇంతే. ముందుకు వంగడం, నోరు తెరవడం, చెంచాను చేత్తో పట్టుకోవడం ‘ఇంకా కావాలి’. తల తిప్పడం, పెదాలు బిగించడం, ముద్ద బుగ్గలో దాచడం, ఒళ్లోంచి జారిపోవడం ‘చాలు’. చాలు అన్నాక ఒక నిమిషం ఆగి, ఇంకోసారి అడిగి చూడండి. మళ్లీ వద్దంటే గిన్నె తీసేయండి. ముక్కు మూసి, గడ్డం పట్టుకుని, చేతులు కట్టేసి పెట్టిన నాలుగు ముద్దల వల్ల వచ్చే బలం కంటే పుట్టే భయమే ఎక్కువ. మర్నాటి నుంచి చెంచా చూడగానే ఏడుపు మొదలవుతుంది.

ఫోన్ మీద బొమ్మలు చూపిస్తే నోరు దానంతటదే తెరుచుకుంటుంది, నిజమే. కానీ బిడ్డ ఏం తింటున్నాడో, ఎప్పుడు కడుపు నిండిందో తనకు తెలియకుండానే తింటాడు. మొదలుపెట్టాక మానిపించడం నరకం. ఫోన్ వేరే గదిలో పెట్టండి, మీది కూడా. చందమామ, కాకి, వీధిలో ఎడ్లబండి చూపించడం వేరు, అప్పుడు మీరిద్దరూ ఒకే దాన్ని చూస్తూ మాట్లాడుకుంటారు. అయితే ఇంటి చుట్టూ గిన్నె పట్టుకుని పరిగెడుతూ గంటన్నర తినిపించడం మాత్రం వద్దు. ఒకచోట కూర్చోబెట్టి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు. అంతకు మించితే అది తిండి కాదు, కుస్తీ.

మిగిలింది ఏం చేయాలి? బిడ్డ ఎంగిలి చెంచా పడిన ఉగ్గును దాచకండి. ముట్టుకోనిది కూడా బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు, ఎండాకాలంలో గంటే. అన్నంలో పెరిగే కొన్ని క్రిముల విషం మళ్లీ కాచినా పోదు.

మలబద్ధకం వస్తే ముందు గిన్నె చూడండి. రోజూ రాగిజావ, అరటిపండేనా? నీళ్లు తాగుతున్నాడా? ఆరో నెల తర్వాత ప్రతి పూటతో కాచి చల్లార్చిన నీళ్లు నాలుగైదు చెంచాలు ఇవ్వాలి. ఆకుకూర, బొప్పాయి, నెయ్యి పెంచితే చాలాసార్లు సరిపోతుంది.

పొలమారితే

గట్టి తిండి మొదలయ్యాక బిడ్డ ఓకరించడం మామూలు. మొహం ఎర్రబడుతుంది, దగ్గుతాడు, శబ్దం వస్తుంది. అప్పుడు వీపు మీద కొట్టకండి, నోట్లో వేలు పెట్టకండి, ఆగండి. అసలు ప్రమాదం నిశ్శబ్దంగా వస్తుంది. శబ్దం ఉండదు, దగ్గు రాదు, పెదాలు నీలంగా మారతాయి. ఏడాది లోపు బిడ్డనైతే ముంజేయి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని, భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు గట్టిగా కొట్టండి. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఎముక మీద ఐదుసార్లు నొక్కండి. వచ్చేదాకా ఇలా మార్చి మార్చి. ఏడాది దాటితే ఛాతీకి బదులు వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు కాస్త పైన లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కాలి. పక్కవాళ్లను 108కి ఫోన్ చేయమనండి. కనబడని దానికోసం నోట్లో వేలు తిప్పితే ఇంకా లోపలికి పోతుంది. ఈ చర్యను ఒకసారి ఆస్పత్రిలో నర్సును అడిగి బొమ్మ మీద చేసి చూసుకోండి, చదివితే చేతికి రాదు.

వేరుశనగ గింజలు, శనగలు, గుండ్రటి ద్రాక్ష, పచ్చి క్యారెట్ ముక్క, మురుకులు, బఠాణీలు నాలుగేళ్లు దాటేదాకా అలాగే ఇవ్వొద్దు. వేరుశనగను పొడి చేసి ఉగ్గులో కలపొచ్చు. ద్రాక్షను నిలువునా నాలుగు ముక్కలు చేయాలి.

జబ్బు చేసినప్పుడు

విరోచనాలైతే తిండి ఆపేయడం మన ఇళ్లలో పాత అలవాటు. ఆపొద్దు. తల్లిపాలు, మామూలు తిండి కొద్దికొద్దిగా తరచుగా పెట్టండి. ఓఆర్‌ఎస్ లీటరు పొట్లం మొత్తాన్ని కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. సగం పొట్లం గ్లాసు నీళ్లలో అంటూ అంచనా మీద కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. కలిపింది 24 గంటలే. రెండేళ్ల లోపు బిడ్డకు విరోచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ., చెంచాతో నిమిషానికొకటి చొప్పున. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, ఇంకా మెల్లగా. ఆరు నెలలు దాటిన బిడ్డకు డాక్టరో ఆశా కార్యకర్తో ఇచ్చే జింక్ 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు. విరోచనాలు మూడో రోజే తగ్గినా పద్నాలుగూ పూర్తి చేయాలి. ఈ లెక్క పెట్టుకోవడం నాన్న పని అయితే ఇల్లంతా తేలిక పడుతుంది. తగ్గాక రెండు వారాల పాటు రోజుకొక పూట అదనంగా పెడితేనే తగ్గిన బరువు తిరిగొస్తుంది.

పాలు తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, మగతగా పడి ఉండటం, మలంలో రక్తం, ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోవడం కనిపిస్తే ఇంటి వైద్యాలు వద్దు, ఆస్పత్రికి. ఊపిరి నిమిషం పాటు లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది దాటాక 40, లేదా అంతకు మించి ఉంటే న్యుమోనియా కావచ్చు.

మరచిపోయే మూడు పనులు

ఇనుము సిరప్: ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఐదేళ్ల దాకా వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 1 మి.లీ. ఏఎన్‌ఎం లేదా ఆశా దగ్గర ఉచితం. బుధ, శనివారాలని పెట్టుకుంటే గుర్తుంటుంది. ఏదైనా తిన్నాక వేయాలి, పాలతో కలిపి వద్దు. మలం నల్లగా వస్తే కంగారు పడకండి. జ్వరం, విరోచనాలు ఉన్నప్పుడు ఆపి తగ్గాక మొదలుపెట్టండి.

విటమిన్ ఏ: తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకాతో మొదటి మోతాదు, తర్వాత ఆరు నెలలకోసారి ఐదేళ్ల దాకా.

బరువు: నెలకోసారి అంగన్‌వాడీలో తూయించి, తల్లీబిడ్డల కార్డులో చుక్క పెట్టించండి. ఏడాదికి పుట్టిన బరువుకు మూడింతలవ్వాలి. పక్కింటి బిడ్డతో పోల్చకండి, మీ బిడ్డ గీత పైకి వెళ్తోందా అన్నదే చూడండి. రెండు నెలలు గీత అడ్డంగా పోతే డాక్టరును అడగాలి. ఆరో నెల దాటాక మోచేయి పైన జబ్బ చుట్టుకొలత 11.5 సెం.మీ. కంటే తగ్గితే అది తీవ్ర పోషకాహార లోపం, వెంటనే పోషకాహార పునరావాస కేంద్రానికి తీసుకెళ్లాలి.

మీరు ఊరెళ్లాల్సి వస్తే ముందురోజు రాత్రి ఫ్రిజ్ మీద ఒక చీటీ అంటించండి: పిండి డబ్బాలో ఎన్ని పూటలకుంది, గుడ్డు చివరిసారి ఎప్పుడు, ఈ వారం సిరప్ రెండోది వేశామా లేదా, కొత్తగా మొదలుపెట్టింది ఏది, అది ఎన్నో రోజు. తిరిగొచ్చాక మొదట ఆ చీటీ వెనక ఆవిడ రాసింది చదివి, తర్వాతి పూట మీరే పెట్టండి.